దమ్ములో అరిగిన బ్రేకుతో ధాన్యం తోలకండి

సార్వా కోతలు ఊపందుకున్నాయి. గవర్నర్‌పేట దాటి బందరు రోడ్డు పట్టినా, ఏలూరు కాలువ గట్టున పోయినా ధాన్యం ట్రక్కులే. అందుకే ఈసారి తెగుళ్ల మాట పక్కనపెట్టి ట్రాక్టరు బ్రేకుల గురించి రాస్తున్నాను.

దమ్ము చేసేటప్పుడు మడి మూలల్లో ఎడమ, కుడి బ్రేకులు విడివిడిగా తొక్కుతాం. ఎక్కువగా ఒకే పక్కకు తిప్పే చేలో ఆ పక్క ప్లేట్లు ముందు అరుగుతాయి. బురదలో ఆ తేడా తెలియదు. తారు రోడ్డెక్కి, రెండు పెడళ్లనూ పట్టీతో కలిపి తొక్కినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది. 75 కిలోల బస్తాలు 80 వేస్తే 6 టన్నులు. ట్రాక్టరు బరువు చూస్తే 2 టన్నుల చిల్లర. మన ట్రక్కుల్లో చాలావాటికి సొంత బ్రేకు లేదు కాబట్టి ఆ బరువంతా ట్రాక్టరును వెనక నుంచి నెడుతుంది. బ్రేకు ఒక పక్కే పట్టిందా, ట్రాక్టరు అడ్డం తిరుగుతుంది. గట్టు మీదైతే ఇక కాలువలోకే.

ట్రక్కు తగిలించక ముందే, ఎండిన చదును నేల మీద ఖాళీ ట్రాక్టరును నెమ్మదిగా నడిపి రెండు పెడళ్లూ కలిపి తొక్కండి. వెనక చక్రాల జాడలు రెండూ ఒకేలా పడాలి. తేడా ఉంటే పెడళ్ల ఫ్రీ ప్లే కొలిచి, కంపెనీ పుస్తకంలో ఉన్నట్టు రెండూ సమానం చేయించండి. అయినా లాగుతుంటే డ్రై బ్రేకు బండ్లలో యాక్సిల్ సీలు కారి ప్లేట్లకు నూనె అంటిందేమో చూడాలి. ఆయిల్ బ్రేకులైతే నూనె పాలరంగుకు తిరిగిందా అన్నది గమనించండి. అలా ఉంటే నీళ్లు చేరినట్టే. మెకానిక్‌ను పిలవాల్సిందే.

బ్రేకుల తర్వాత చూడాల్సింది ట్రక్కు వెనక లైట్లు. ముందుగా ఒక పోలిక చెబుతాను. అమెరికాలో పికప్ వ్యాన్ల వెనక కట్టే ట్రైలర్లకు కరెంటు బ్రేకులుంటాయి. డ్రైవరు దగ్గరున్న కంట్రోలరు కరెంటు పంపితే ట్రైలరు చక్రాల్లోని అయస్కాంతాలు పని చేసి బ్రేకు పట్టిస్తాయి. అవి పని చేయకపోతే అందరి అనుమానమూ కంట్రోలరు మీదికే పోతుంది. చాలాసార్లు అసలు దోషం తుప్పు పట్టిన ఎర్తు వైరుది, ప్లగ్గుది. మన ట్రక్కు వెనక లైట్లకూ ఇదే రోగం. బ్రేకు తొక్కితే ఇండికేటరు మసగ్గా వెలుగుతోందంటే ముందుగా ఎర్తునే అనుమానించండి. ట్రాక్టరు ఇనుము నుంచి ట్రక్కు ఛాసిస్‌కు విడిగా ఒక వైరు తగిలించి చూడండి. లైటు సరిగ్గా వెలిగితే బల్బు మార్చనక్కర్లేదు, ఎర్తు బిగించే చోట తుప్పు గీకి బోల్టు బిగిస్తే చాలు. ఏడు పిన్నుల సాకెట్టులో బురద చేరకుండా మూత ఉంచండి. రాత్రి వెనక లైటు లేని ట్రక్కు వెనకొచ్చే మోటారు సైకిలుకు కనబడదు. ఈ ఒక్క విషయంలో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి కబురు వస్తే రాత్రికి రాత్రే ధాన్యం తరలించాలన్న ఆత్రం సహజమే. ఆ తొందరలోనే బస్తాలు ఎక్కువ పడతాయి. రెండు విడతలుగా తోలండి. గట్టు దిగేటప్పుడు ఎక్కడానికి వేసే గేరులోనే దిగాలి, క్లచ్ నొక్కి వదిలేయకూడదు. వేగం రెట్టింపైతే ఆగడానికి పట్టే దూరం దాదాపు నాలుగింతలు. ఇక హిచ్ పిన్నుకు లాకు క్లిప్పు ఉందో లేదో బయల్దేరే ముందు చేత్తో తడిమి చూడండి. బదులుగా మేకు గుచ్చిన ట్రక్కును రోడ్డెక్కించకండి.