దొరికితే దొంగ! అప్పుడప్పుడు మొరాయించే కంప్యూటరు

మీ బడిలో లినక్స్ మీద నడిచే కంప్యూటరు ఒకటి ఉందనుకోండి. పొద్దుటినుంచి చక్కగా పనిచేస్తుంది. ఉన్నట్టుండి మౌస్ గుర్తు తెరమీద బిగుసుకుపోతుంది. మీరు కొట్టిన అక్షరం అరనిమిషానికి గాని కనిపించదు. మీరు పరుగున వెళ్లి మాస్టారిని పిలుచుకొచ్చేసరికి అంతా మామూలే! “ఏదీ, బాగానే ఉందిగా?” అంటారాయన. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అనే సామెత ఇలాంటి జబ్బుకు అచ్చంగా సరిపోతుంది.

ఎప్పుడూ పనిచేయని యంత్రాన్ని బాగుచేయడం కొంత తేలిక. అప్పుడప్పుడు మాత్రమే మొరాయించే యంత్రంతోనే చిక్కు. మనం పరీక్షించే వేళకు జబ్బు ఉండదు. అందుకే చాలామంది “పాతబడిపోయింది” అని తీర్పు చెప్పి దాన్ని మూలన పడేస్తారు. లేదా ఊహమీద ఏదో ఒక భాగం కొని తగిలిస్తారు. డబ్బు పోతుంది, జబ్బు పోదు. మరి ఈ దొంగను పట్టుకోవడం ఎలా?

లెక్కలు దాచని యంత్రం

లినక్స్‌కు గుండెకాయ వంటిది కెర్నెల్ అనే ప్రోగ్రాము. 1991లో ఫిన్లండు దేశంలోని హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ దీన్ని రాయడం మొదలుపెట్టాడు. అప్పటికి అతని వయసు 21 ఏళ్లు. ప్రాసెసరు సమయం ఎవరికి ఎంత, మెమరీలో చోటు ఎవరికి ఎంత, డిస్కు దగ్గర వంతు ఎవరిది అని నిర్ణయించేది కెర్నెలే. పంచేవాడి దగ్గర లెక్క ఉంటుంది కదా! ఆ లెక్కలను అది ‘ప్రాక్’ అనే డైరెక్టరీలో మామూలు అక్షరాలలో చూపిస్తుంది. విచిత్రమేమిటంటే, ఆ డైరెక్టరీలోని ఫైళ్లు డిస్కుమీద ఎక్కడా ఉండవు. మీరు చదవబోయిన క్షణంలో కెర్నెల్ వాటిని తయారుచేసి ఇస్తుంది. అంటే మీరు చూసేది నిన్నటి లెక్క కాదు, ఇప్పటి లెక్క. కనుక జబ్బు ఉన్నప్పుడే దాన్ని చదవాలి. మనం ఇక్కడ చెప్పుకోబోయే కమాండ్లలో చాలావరకు ఈ లెక్కలనే తీసి మనకు వీలుగా చూపిస్తాయి.

ముందు నోటుపుస్తకం తీయండి

సికింద్రాబాదులో 1897లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టిన సంగతి మీరు చదివే ఉంటారు. అంతకు ముందే, 1886లో, ఇటలీ శాస్త్రజ్ఞుడు కామిల్లో గాల్జీ మరొక విషయం గమనించాడు. ఒక రకం మలేరియా జ్వరం 48 గంటలకు, మరొక రకం 72 గంటలకు వస్తుంది. రక్తకణాలు పగిలి క్రిములు బయటపడే సమయమూ, జ్వరం వచ్చే సమయమూ ఒకటే! జ్వరం వచ్చే వేళే జబ్బు రకాన్ని పట్టి ఇచ్చిందన్నమాట.

మీరూ అదే చేయండి. కంప్యూటరు మందగించిన ప్రతిసారీ తేదీ, వేళ, ఎంతసేపు ఉన్నది, అప్పుడు మీరేం చేస్తున్నారు, డిస్కు దీపం ఆగకుండా వెలుగుతోందా, ఫ్యాను గట్టిగా మోగుతోందా అనేవి రాసిపెట్టండి. రోజూ ఒకే వేళకు మందగిస్తే, ఆ వేళకు తనంతట తాను మొదలయ్యే పని ఏదో ఉండి ఉంటుంది. కొత్త ప్రోగ్రాములు దించుకోవడం, ఫైళ్లకు నకళ్లు తీయడం వంటి పనులను లినక్స్ గడియారం చూసి మొదలుపెడుతుంది. ‘సిస్టమ్ సీటీఎల్ లిస్ట్-టైమర్స్’ అనే కమాండు కొడితే ఏ పని ఎప్పుడు జరిగింది, మళ్లీ ఎప్పుడు జరగబోతోంది అన్న జాబితా చాలా లినక్స్ కంప్యూటర్లలో వస్తుంది. మీ పుస్తకంలోని వేళను దానితో పోల్చండి.

బల్ల, గ్రంథాలయం

కంప్యూటరు ఎందుకు మందగిస్తుందో తెలియాలంటే మూడు భాగాల సంగతి తెలియాలి. మీరు బల్ల దగ్గర కూర్చుని లెక్కలు చేస్తున్నారనుకోండి. మీరే ప్రాసెసరు. బల్ల మెమరీ. దూరాన ఉన్న గ్రంథాలయం డిస్కు.

మెమరీలో ఉన్నదాన్ని అందుకోవడానికి ప్రాసెసరుకు సెకనులో కోటో వంతు సమయం పడుతుంది. తిరిగే పళ్లెం ఉన్న హార్డ్ డిస్కు నుంచి తేవడానికి సుమారు సెకనులో నూరో వంతు పడుతుంది. రెండూ చాలా చిన్నవే కదా అనకండి! బల్లమీది పుస్తకం అందుకోవడానికి ఒక సెకను పడితే, ఈ లెక్కన గ్రంథాలయానికి వెళ్లి రావడానికి 1,00,000 సెకన్లు, అంటే 27 గంటలు దాటుతుంది. తిరిగే పళ్లెం లేని కొత్తరకం ఎస్‌ఎస్‌డి డిస్కు అయినా సుమారు పావుగంట పడుతుంది.

బల్ల నిండిపోతే ఏం చేస్తారు? ఒక పుస్తకాన్ని గ్రంథాలయంలో పెట్టివచ్చి, ఆ చోట మరొకటి పెట్టుకుంటారు. కెర్నెల్ కూడా ఇదే చేస్తుంది. దీనికోసం డిస్కుమీద కేటాయించిన చోటును ‘స్వాప్’ అంటారు. ఒకటి రెండుసార్లయితే ఫరవాలేదు. పెట్టివచ్చిన పుస్తకమే మరుక్షణం కావలసివస్తే? పొద్దు దారిలోనే గడిచిపోతుంది, లెక్క మాత్రం కదలదు. ఇంటర్నెట్టు పేజీలు చాలా తెరిచినప్పుడు కంప్యూటరు బిగుసుకుపోవడానికి తరచుగా కారణం ఇదే.

వరుసలో ఎందరున్నారు?

‘అప్‌టైమ్’ అని కొట్టండి. చివర మూడు అంకెలు వస్తాయి: 6.20, 2.10, 0.90 అనుకోండి. ఇవి గడచిన 1, 5, 15 నిమిషాలలో సగటున ఎన్ని పనులు నడుస్తూనో, వంతు కోసం ఎదురుచూస్తూనో ఉన్నాయో చెబుతాయి. మొదటిది పెద్దదిగా, చివరిది చిన్నదిగా ఉందంటే ఒత్తిడి ఇప్పుడే మొదలైందన్నమాట. తారుమారుగా ఉంటే దొంగ వెళ్లిపోతున్నాడు!

ప్రాసెసరులో 4 కోర్లు ఉంటే ఒకేసారి నాలుగు పనులు నడుస్తాయి. అంకె 6 దాటితే “ప్రాసెసరు చాలడం లేదు, కొత్తది కొనాలి” అనిపిస్తుంది. తొందరపడకండి. 1993 నుంచి లినక్స్ ఈ లెక్కలో ప్రాసెసరు కోసం నిలబడ్డవాటితోపాటు డిస్కు జవాబు కోసం కదలకుండా కూర్చున్నవాటినీ కలుపుతోంది. అంటే ప్రాసెసరు ఖాళీగా ఉన్నా ఈ అంకె పెరగవచ్చు. వరుస పొడవు తెలిసింది గాని, ఆ వరుస ఏ కిటికీ దగ్గరో తెలియలేదు.

దొంగను పట్టే కమాండ్లు

‘విఎంస్టాట్ 1’ అని కొడితే సెకనుకొక వరుస అంకెలు వస్తాయి. మొదటి వరుసను వదిలేయండి. అది కంప్యూటరు వెలిగినప్పటినుంచి తీసిన సగటు. తరువాతి వరుసలలో ఇవి చూడండి:

1. ‘యుఎస్’ గడిలో అంకె 100కు దగ్గరగా ఉంటే ప్రాసెసరు నిజంగానే తలమునకలై ఉంది. అప్పుడు ‘టాప్’ అని కొడితే ఎక్కువ పని చేయిస్తున్న ప్రోగ్రాము పేరు అన్నిటికంటే పైన కనిపిస్తుంది.

2. ‘ఎస్‌ఐ’, ‘ఎస్‌ఓ’ గడులలో సున్నా కాని అంకెలు ఆగకుండా వస్తుంటే బల్ల నిండింది. కొన్ని ప్రోగ్రాములు మూసివేయాలి, లేదా మెమరీ పెంచాలి.

3. ఆ రెండూ సున్నాగా ఉండి, ‘డబ్ల్యుఎ’ గడి మాత్రం పెరిగితే డిస్కు దగ్గరే ఆలస్యం. ఏదో ప్రోగ్రాము డిస్కును ఎడతెగకుండా వాడుతుండాలి, లేదా డిస్కే చెడిపోతుండాలి. ‘జర్నల్ సీటీఎల్’ కమాండు చూపే చిట్టాలో డిస్కు చదవడంలో తప్పులు వచ్చినట్లు ఉంటే, వేరే ఏ పనీ పెట్టుకోకుండా ముందు మీ ఫైళ్లకు నకళ్లు తీయండి.

‘ఫ్రీ’ అనే కమాండు చూసి చాలామంది కంగారుపడతారు. ‘ఫ్రీ’ గడిలో చాలా తక్కువ మెమరీ కనిపిస్తుంది. లినక్స్ ఖాళీ చోటును ఊరికే ఉంచదు. డిస్కునుంచి తెచ్చినవాటిని అక్కడ దాచుకుంటుంది, అవసరమైతే వెంటనే ఖాళీ చేస్తుంది. మీరు చూడవలసింది ‘అవైలబుల్’ గడి.

2018 డిసెంబరులో వచ్చిన 4.20వ కెర్నెల్‌తో మరో సదుపాయం కూడా కలిగింది. ప్రాక్ డైరెక్టరీలోని ‘ప్రెషర్’లో ప్రాసెసరు, మెమరీ, డిస్కు అని మూడు వేరు వేరు ఫైళ్లుంటాయి. గడచిన 10, 60, 300 సెకన్లలో దేనికోసం పనులు నూటికి ఎంత కాలం ఆగిపోయాయో అవి విడివిడిగా చెబుతాయి. వరుస ఏ కిటికీ దగ్గరో తెలిసిపోతుందన్నమాట.

ఎండాకాలపు దొంగ

ఈ అంకెలలో తేడా పెద్దగా లేకపోయినా పని మాత్రం నెమ్మదిస్తే? అదీ మిట్టమధ్యాహ్నం మాత్రమే అయితే? వేడిని అనుమానించండి. ప్రాసెసరు మరీ వేడెక్కితే కాలిపోకుండా తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. చాలా ప్రాసెసర్లలో ఆ హద్దు 100 డిగ్రీల సెంటిగ్రేడుకు దగ్గరలో ఉంటుంది. గది గాలి 30 నుంచి 42 డిగ్రీలకు పెరిగితే, అంతే పని చేస్తున్న ప్రాసెసరు వేడి కూడా సుమారు అంతే పెరుగుతుంది. దానికి తోడు ఫ్యానులో దుమ్ము పేరుకుంటే చెప్పనక్కరలేదు. ‘సెన్సార్స్’ అనే కమాండు ఉష్ణోగ్రత చూపుతుంది. ఈ జబ్బుకు మందు చాలాసార్లు ఒక మెత్తని కుంచె. పెద్దల సహాయంతో, కంప్యూటరు ఆపి, ప్లగ్గు తీసిన తరువాతే దుమ్ము దులపాలి సుమా!

ఒక్కొక్కటే మార్చండి

దుమ్ము దులిపి, మెమరీ పెంచి, నాలుగు ప్రోగ్రాములు తీసివేసి, అన్నీ ఒకే రోజు చేశారనుకోండి. జబ్బు పోయింది. ఏ మందుకు పోయింది? చెప్పలేరు. మళ్లీ వస్తే మొదటికే వస్తారు. కనుక ఒకసారికి ఒక్క మార్పే చేయండి. తరువాత ఓపిగ్గా ఉండండి. రెండు రోజులకొకసారి వచ్చే జబ్బు ఒక రోజు రాకపోతే నయమైనట్లు కాదు. కనీసం నాలుగైదు సార్లు రావలసినంత కాలం ఆగి, అప్పుడు చెప్పండి. కొన్ని వేల రూపాయలు పోసి కొత్తది కొనలేని బడిలో, ఈ ఓపికే మూలనపడబోయే కంప్యూటరును మరికొన్నేళ్లు నిలబెడుతుంది.

చేసి చూడండి

‘విఎంస్టాట్ 1’ నడుస్తుండగా పెద్ద సినిమా ఫైలు ఒకదానికి నకలు తీయండి. ‘బిఐ’, ‘బిఓ’, ‘డబ్ల్యుఎ’ గడులలో ఏం మారింది? చూడడం అయ్యాక కంట్రోల్, సి మీటలు కలిపి నొక్కితే అది ఆగిపోతుంది.

ఆలోచించండి

1. 8 కోర్లున్న కంప్యూటరులో అప్‌టైమ్ అంకె 4 ఉంటే దాని మీద ఒత్తిడి ఎక్కువగా ఉన్నట్లా?

2. స్వాప్‌లో కొంత చోటు వాడకంలో ఉంది, కాని ‘ఎస్‌ఐ’, ‘ఎస్‌ఓ’ రెండూ సున్నా. మందకొడితనానికి మెమరీ కారణమనవచ్చా?

3. మందగించే వేళ రోజుకో రకంగా ఉంటే, నోటుపుస్తకంలో ఇంకా ఏమేమి రాస్తారు?