ఎముకల గుల్లతనము – మందులు, వాటి మంచిచెడ్డలు

గడచిన విద్యాసంవత్సరములో కొత్తపల్లె నుండి మన కళాశాలకు వచ్చే ఒక విద్యార్థిని, మందుపెట్టెలోని మడత కాగితమొకటి తెచ్చి మా బల్లమీద పరచింది. సన్నని ఆంగ్లాక్షరాలతో రెండు వైపులా నిండిన ఆ కాగితము ఆమె నానీ వాడే మాత్రలది. ఒకమారు ముంజేయి, మరొకమారు వెన్నుపూస విరిగిన ఆ వృద్ధురాలికి నంద్యాలలో వైద్యులు వారానికొక మాత్ర చొప్పున వ్రాసి ఇచ్చారు. నాలుగు వారాలు మింగిన పిమ్మట పొరుగింటివారెవరో, "ఆ మాత్ర వాడితే దవడ ఎముక కుళ్ళిపోతుందట, తొడ ఎముక దానంతటదే విరుగుతుందట" అన్నారు. ఆమె పెట్టెను అటకమీద పెట్టించింది. ఇది నిజమేనా అన్నది మనుమరాలి ప్రశ్న.

కాగితములో ఆ రెండు మాటలూ ఉన్నవి. కనుక అబద్ధమని త్రోసిపుచ్చుటకు వీలులేదు. అయితే నిజమని చెప్పి ఊరకుండుటకూ మాకు మనసొప్పలేదు. మేము వైద్యులము కాము, జీవశాస్త్రము బోధించేవారము. అయినను ఇంటిలో ఆంగ్లము చదువగలిగినది మనుమలు, మనుమరాండ్రే అయినప్పుడు, ఆ కాగితము చదివి పెద్దలకు చెప్పే బాధ్యత విద్యార్థులదే అవుతున్నది. ఆ బాధ్యతకు పనికివచ్చునని ఈ వ్యాసము వ్రాస్తున్నాము.

ఎముక రాయివలె కదలిక లేని వస్తువని మనము అనుకొంటాము. నిజానికి అది నిత్యము మరమ్మతు జరిగే ఇల్లు. ఒక జాతి కణాలు పాత ఎముకను కొరికి తీసివేస్తాయి, మరొక జాతి కణాలు ఆ గోతిలో క్రొత్త ఎముకను కడతాయి. యౌవనములో కట్టుడు ఎక్కువ, ముదిమిలో కొరుకుడు ఎక్కువ. స్త్రీలలో నెలసరి ఆగిన తరువాత ఈస్ట్రోజెన్ తగ్గుట వలన ఈ కొరుకుడు ఒక్కసారిగా వేగమందుకొంటుంది. డెక్సా అనే ఎక్సురే పరీక్షలో వచ్చే అంకె మైనస్ 2.5 గాని అంతకన్న తక్కువ గాని అయితే దానిని ఆస్టియోపొరోసిస్ అనవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో నిర్ణయించింది. ఎముక ఎంత దట్టముగా ఉన్నదో ఆ అంకె చెబుతుంది. దట్టముగా ఉన్న ఎముక గట్టిదేనా? ఈ ప్రశ్నకు జవాబు మన తెలుగుదేశపు బావినీళ్ళతో ముడిపడి ఉన్నది.

నంద్యాల నుండి తూర్పుగా నల్లమల దాటి పోతే పొదిలి, దర్శి, కనిగిరి సీమ వస్తుంది. అది నాడు నెల్లూరు జిల్లాలోనిది. అచట వెన్ను బిగిసి, మెడ త్రిప్పలేక, కీళ్ళు ముడుచుకొని మంచమెక్కిన మనుష్యులను గూర్చి మదరాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్, ఆయన సహచరులు 1937లో ప్రకటించారు. కారణము త్రాగునీటిలోని ఫ్లోరైడ్. 1955లో సిద్దిఖీ అను వైద్యుడు నల్లగొండ జిల్లాలోని ఇదే వ్యాధిని గూర్చి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్రాశారు. ఈ రోగుల ఎక్సురేలలో వెన్నుపూసలు సుద్దవలె తెల్లగా, మామూలు ఎముకలకన్న ఎంతో దట్టముగా కనబడేవి.

ఫ్లోరైడ్ ఎముకను ఇంత దట్టము చేయునని తెలిసిన తరువాత, గుల్లబారిన ఎముకలకు దానినే మందుగా ఇస్తే ఏమన్న ఆలోచన కొందరికి కలిగింది. 1961లో రిచ్, ఎన్సింక్ అను ఇరువురు అమెరికను వైద్యులు సోడియం ఫ్లోరైడ్‌ను రోగులకిచ్చి చూచిన ఫలితాలు ప్రకటించారు. తరువాత ముప్పది ఏండ్లు ఆ మందు వాడుకలో ఉన్నది. ఐరోపాలో పలు దేశాలు దానిని అనుమతించాయి కూడ. ఒక సీమలో మనుష్యులను మంచాన పడవేసిన పదార్థము మరొక సీమలో మందుచీటీ మీదకు ఎక్కిందన్నమాట!

ఇంతలో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్ పత్రికలో మరొక సంగతి బయటపెట్టారు. ఫ్లోరైడ్ నీరు త్రాగే పల్లెలలో మోకాళ్ళు ఒకదానికొకటి తాకునట్లు కాళ్ళు వంకరపోయిన యువకులున్నారు. వారి ఎముకలలో దట్టదనము మాట అటుంచి, గుల్లతనమే ఉన్నది. విషము ఒకచోట ఎముకను నింపుతూ మరొకచోట దోచుకొంటున్నదని మనవారు చూపిన సాక్ష్యము ఇది. ఆనాడే దీనిని మరికొంత శ్రద్ధగా చదివి ఉంటే బాగుండెడిదని మాకు అనిపిస్తుంది.

తుది తీర్పు 1990లో వచ్చింది. మేయో క్లినిక్ వైద్యుడు రిగ్స్, ఆయన సహచరులు 202 మంది స్త్రీలను రెండు జట్లుగా విభజించి, నాలుగు సంవత్సరాలు ఒక జట్టుకు ఫ్లోరైడ్, మరొక జట్టుకు మందులేని ఉత్తి మాత్రలు ఇచ్చారు. కాల్షియము ఉభయులకూ ఇచ్చారు. ఫ్లోరైడ్ వారి నడుము వెన్నుపూసల సాంద్రత 35 శాతము పెరిగింది. పరీక్ష అంకె చూచి సంతోషించువారికి ఇంతకన్న ఏమి కావలెను? కాని వెన్నుపూసలు విరుగుట చెప్పుకోదగినంతగా తగ్గలేదు. తక్కిన ఎముకలలో ఉత్తి మాత్రల వారికి 24 విరుగుళ్ళు కాగా మందు వారికి 72. బేతంచెర్ల నాపరాయి చూచినవారికి ఇది వింతగా తోచదు. దట్టమునకు, బరువుకు అది దేనికీ తీసిపోదు. చేయిజారి పడితే రెండు ముక్కలు.

కనుక ఎముకల మందును దేనితో తూచవలెను? పరీక్ష అంకెతో కాదు. విరిగిన ఎముకలను లెక్కించి తూచవలెను. మందు మేలు చేసిందని చెప్పువారికి ఈ నియమము ఎట్లో, కీడు చేసిందని భయపెట్టువారికీ అట్లే. నానీగారి మాత్రను కూడ ఈ తక్కెడలోనే పెట్టి చూతము.

ఆ మాత్ర పేరు అలెండ్రోనేట్. బిస్‌ఫాస్ఫొనేట్ల జాతికి చెందినది. ఎముకను కొరికే కణాల పనిని ఇది మందగింపజేస్తుంది. అప్పటికే వెన్నుపూస విరిగిన స్త్రీలపై జరిపి 1996లో ప్రకటించిన పెద్ద పరీక్షలో తుంటి విరుగుళ్ళు, వెన్నుపూస విరుగుళ్ళు సుమారు సగానికి తగ్గాయి. తుంటి విరుగుట పల్లెలలోని వృద్ధులకు ఏమి చేస్తుందో మేము వ్రాయనక్కరలేదు, ప్రతి వీధిలోను ఒక మంచము దానికి సాక్షి.

దవడ సంగతి 2003లో వెలుగులోకి వచ్చింది. నాటి రోగులలో ఎక్కువమంది క్యాన్సరు కొరకు ఇదే జాతి మందును నరము ద్వారా పెద్ద మోతాదులో తరచుగా తీసుకొన్నవారు. ఎముకల గుల్లతనమునకు వాడే మోతాదులో సంవత్సరానికి పదివేలమందిలో ఒకరికి గాని, అంతకన్న అరుదుగా గాని ఇది సంభవిస్తుంది. అదియు చాలవరకు పన్ను పీకించిన తరువాత, ఆ గాయము మానక మొదలవుతుంది. కావున మందు మొదలుపెట్టక మునుపే నోరు చూపించుకొని, పుచ్చిన పండ్ల సంగతి తేల్చుకొనుట మంచిది. మందు వాడుతుండగా పన్ను పీకించవలసివస్తే దంతవైద్యునికి ఆ మాట ముందుగా చెప్పవలెను. వక్కాకు నములు అలవాటున్న మన ముసలివారికి ఈ మాట మరింత అవసరము.

తొడ ఎముక సంగతి ఇంతకన్న జాగ్రత్తగా చదువదగినది. ఏండ్ల తరబడి కొరుకుడు ఆపివేస్తే మరమ్మతు కూడ ఆగుతుంది. తొడ ఎముకలో పడిన సన్నని బీట పూడక, చిన్న అదటుకే విరుగవచ్చును. అమెరికాలోని కాలిఫోర్నియాలో జరిగి 2020లో వెలువడిన అధ్యయనము ప్రకారము, పదివేలమంది ఆసియా సంతతి స్త్రీలు మూడు సంవత్సరాలు ఈ మందులు వాడితే 91 తుంటి విరుగుళ్ళు తప్పుతాయి, ఇట్టి తొడ విరుగుళ్ళు 8 కలుగుతాయి. తెల్లజాతి స్త్రీలలో ఆ అంకెలు 149, 2. అనగా ఆసియా సంతతివారికి మేలు కొంత తక్కువ, కీడు కొంత ఎక్కువ. అయినను 91కి 8 సమానము కాదు. పొరుగింటివారు 8 మాత్రమే చెప్పారు. మందుల కంపెనీ ప్రతినిధులు 91 మాత్రమే చెబుతారు. చదువుకొన్నవారు రెండూ చెప్పవలెను.

ఇందునుండి మరొక సంగతి తేలుతున్నది. రెండు ఎముకలు విరిగిన నానీగారి పరిస్థితి వేరు, ఉచిత శిబిరములో మడమకు యంత్రము ఆనించి "అంకె తగ్గింది" అనిపించుకొన్న ఏబది ఏండ్ల గృహిణి పరిస్థితి వేరు. విరుగుడు భయము ఎక్కువగా ఉన్నచోటనే మందు ఋణము తీర్చుకొంటుంది. ఎక్కువకాలము వాడిన కొలది తొడ ఎముకకు ముప్పు పెరుగును గనుక, అయిదు సంవత్సరాలు మాత్రలు వాడిన తరువాత కొంతకాలము ఆపవచ్చునా అని వైద్యులను అడుగవలెను. ఆపిన పిమ్మట ఆ ముప్పు త్వరగా తగ్గుతుంది. మందు మాత్రము ఎముకలో కొన్నాళ్ళు నిలిచి పనిచేస్తూనే ఉంటుంది. ఈ మందు వాడుతున్నవారికి తొడలో గాని గజ్జలో గాని వారాల తరబడి సన్నని నొప్పి ఉంటే వాతమని తైలము రాచి ఊరుకొనరాదు, ఎక్సురే తీయించవలెను.

అరుదైన ఈ రెండు భయాల నడుమ నిత్యము జరిగే కీడు మరుగునపడింది. అలెండ్రోనేట్ మాత్ర అన్నవాహికకు అంటుకొంటే పుండు చేస్తుంది. అందుచేతనే ఉదయము పరగడుపున నిండు గ్లాసు మంచినీళ్ళతో మింగి, అరగంట సేపు పడుకొనక, ఏమియు తినక, కూర్చుండి గాని నిలుచుండి గాని ఉండవలెను. టీతో మింగినా, పాలతో మింగినా మందు ఒంటికి పట్టదు. కాల్షియము మాత్ర కూడ అప్పుడే వేసుకొనరాదు. మన నానీగారు వాడిన నాలుగు మాత్రలూ చాయతో మింగి తిరిగి నడుము వాల్చినవేనని విచారించగా తెలిసింది! గుండెలో మంట పుట్టుటకు, పొరుగింటి మాట ఆమెకు నమ్మదగినదిగా తోచుటకు అదే కారణము కావచ్చును. రంజాన్ మాసములో ఏమి చేయవలెనని కూడ అడిగారు. వారానికొక దినమే గనుక ఆనాడు సహర్‌కు అరగంట ముందు లేచి నీళ్ళతో మింగితే ఉపవాసమునకు భంగము లేదు. వంగుట వలన మందు పైకి ఎగదన్నకుండ, సజ్దా చేయుట ఆ అరగంట గడచిన తరువాతనే మేలు.

ఒంటిలో విటమిన్ డి, కాల్షియము చాలనివారికి ఈ మందులిస్తే రక్తములో కాల్షియము పడిపోయి చేతులు తిమ్మిరెక్కుతాయి, కండరాలు పట్టేస్తాయి. ఇంత ఎండ కాచే దేశములో డి లోపమేమిటని అనిపించవచ్చును. తిరుపతి స్విమ్స్‌కు చెందిన హరినారాయణ్, సహచరులు 2007లో ప్రకటించిన పరిశోధన మన పల్లెవారిలోను, పట్టణవారిలోను ఆ లోపము విస్తారముగా ఉన్నదని చూపింది. మూత్రపిండాల పని బాగా తగ్గినవారికి ఈ మందులు తగవు. రక్తపరీక్ష లేకుండ మొదలుపెట్టరాదనుటకు ఇవే కారణాలు.

సంవత్సరానికొకమారు నరము ద్వారా ఎక్కించే జోలెడ్రోనిక్ ఆమ్లము కూడ ఇదే జాతిది. మొదటిసారి సుమారు మూడవ వంతు మందికి జ్వరము, ఒళ్ళునొప్పులు వచ్చి కొద్ది దినాలలో పోతాయి. మరుసటి ఏడు అంతగా రావు.

ఆరు నెలలకొకమారు చర్మము క్రింద ఇచ్చే డెనోసుమాబ్ సూదిమందు స్వభావము వేరు. ఇది ఎముకలో నిలువదు. గడువు దాటినచో ఆపిన కొరుకుడు రెట్టింపు ఉధృతితో తిరిగివచ్చి, కొన్ని నెలలలోనే ఒకటికి రెండు మూడు వెన్నుపూసలు విరిగిన సందర్భాలున్నవి. డబ్బు లేకనో, పొలం పనుల వలననో మానివేసినవారికి మందు వాడనివారికన్న ఎక్కువ కీడు జరుగవచ్చునన్నమాట. ఆపదలచినచో వైద్యునికి చెప్పి, వేరొక మందు అందుకొన్న తరువాతనే ఆపవలెను. మొదటి సూది వేయునాడే ఈ మాట చెప్పకపోవుట తప్పని మా అభిప్రాయము.

ఈ సంగతులన్నియు విన్న పిమ్మట మనుమరాలు నానీని తిరిగి నంద్యాలకు తీసుకొనిపోయింది. రక్తపరీక్ష చేయించి, విటమిన్ డి ఇచ్చి, పుచ్చిన దవడపన్ను ఒకటి పీకి, గాయము మానువరకు ఆగమన్నారు. మాత్ర మింగు విధానమును ఆమె ఒక అట్టముక్కపై ఉర్దూలోను తెలుగులోను వ్రాసింది. నానీకి ఉర్దూ వచ్చును, సాయము చేయు పొరుగింటివారికి తెలుగు. మాత్రకు ఏ వారమని అడిగితే, శుక్రవారము ఇంటికి చుట్టాలు వస్తారని నానీ సోమవారము ఎంచుకొన్నదట.