కొనువారి కోరిక – బందరు అద్దకము

వస్తువు మేలైనదైనంత మాత్రమున అది అమ్ముడుపోవునని తలపరాదు. చేయువాడు తన చేతికి అలవాటైన రీతిని చేయును. కొనువాడు తన యింటికి, తన యొంటికి, తన దేశాచారమునకు తగినదానినే కోరును. ఈ యిరువురి నడుమ వేల మైళ్ల సముద్రమున్నప్పుడు ఒకరి కోరిక మరియొకరికి తెలియుటెట్లు? ఇంచుమించు నాలుగు వందల యేండ్ల క్రిందట తెలుగుదేశపు అద్దకమువారికి ఈ ప్రశ్న ఎదురయ్యెను. వారి బ్రదుకుతెరువు దాని సమాధానముపై ఆధారపడి యుండెను.

కృష్ణానది సముద్రమున కలియు చోటికి చేరువనున్న మచిలీపట్నమును మనవారు బందరని వ్యవహరింతురు. కుతుబ్‌షాహీ సుల్తానుల కాలమున అది గోలకొండ రాజ్యమునకు ముఖ్యమైన రేవు. పారశీక వర్తకులు అచ్చట నివాసము లేర్పరచుకొనిరి. డచ్చివారు 1605లోను, ఆంగ్లేయులు 1611లోను అచ్చటికి వచ్చిరి. గోలకొండ వజ్రముల పేరు లోకమంతట మ్రోగినను, ఓడల కడుపు నింపి సాగిపోయినది మాత్రము నూలుబట్ట. అందును రంగులద్దిన బట్టకు గిరాకి మెండు.

ఈ అద్దకపు పని చూచుటకు ఇంపుగ నుండునే కాని చేయుటకు మిక్కిలి శ్రమతో కూడినది. మొదట బట్టను పేడనీటిలో నానవైచి, ఎండ నారబెట్టి, మరల మరల తడిపి తెల్లబరతురు. పిమ్మట కరక్కాయపొడి కలిపిన పాలలో ముంచుదురు. కరక్కాయ రంగును పట్టి నిలుపును. పాలలోని క్రొవ్వు రంగు ప్రాకిపోకుండ అడ్డగించును. ఇనుపముక్కలను బెల్లపునీటిలో కొన్ని దినములు నానవేయగా వచ్చిన ద్రవముతో నల్లని గీతలు గీయుదురు. ఎఱుపు రావలసిన చోట పటికనీరు పూసి, చిరివేరు వేసిన నీటిలో బట్టను ఉడికింతురు. పటిక తగిలిన చోటనే ఎఱుపు గట్టిగ నిలుచును. తక్కిన చోట పట్టిన మరకను మరల పేడనీటితోను ఎండతోను పోగొట్టవలెను. నీలిరంగు వేయునప్పుడు, నీలి సోకరాని భాగములను మైనముతో కప్పుదురు. కృష్ణాతీరమున గుల్లలు కలిసిన నేలలో పెరిగిన చిరివేరు మిక్కిలి శ్రేష్ఠమని ఆ దినములలో ప్రతీతి. ఇట్లు వేసిన రంగు ఎన్ని ఉతుకులు ఉతికినను వెలిసిపోదు. నూలుబట్టపై ఇట్టి పక్కారంగులు వేయు విద్య నాడు ఐరోపావారికి లేదు.

కలంకారీ యను మాట పారశీకము నుండి వచ్చినది. కలముతో చేయు పని యని దాని అర్థము. పేరే ఆ భాషదైనప్పుడు, కొన్నవారిలో ముఖ్యు లెవరో వేరుగ చెప్పనక్కరలేదు. పారశీకులకు సరుగుడు వంటి నిటారైన సరోవృక్షములు, అల్లుకొనిపోవు తీగెలు, మసీదు ద్వారము వలె వంపు తిరిగిన తోరణము ప్రీతికరములు. నమాజు చేయునప్పుడు పఱచుకొను బట్టపై మనుష్యుల బొమ్మలు గాని జంతువుల బొమ్మలు గాని యుండరాదు. బందరు పనివారు దీని నెఱిగి ఆ తీరుననే అద్దిరి. ఒకే పువ్వు, ఒకే తీగె వందలసారులు రావలసి యుండుటచే, చెక్కపై చెక్కిన అచ్చులతో అద్దుట అచ్చట ప్రబలెను. శ్రీకాళహస్తి చిత్రకారుని తీరు వేరు. అతని బట్టను కొనునది దేవాలయము. రామాయణ భారత కథలు అతనికిని తెలియును, కొనువారికిని తెలియును. కనుక అతడు అచ్చులు లేకయే కలముతో కథను గీసి, క్రింద తెలుగు అక్షరములతో వివరము వ్రాసెడివాడు. విద్య ఒక్కటే, కొనువారు వేరైనందున రూపములు రెండైనవి.

డచ్చివారు బందరునకు వచ్చిన కారణము వింతయైనది. వారికి కావలసినవి లవంగములు, జాజికాయ, జాపత్రి. అవి దొరకునది తూర్పుననున్న మొలుక్కా మొదలగు ద్వీపములలో. అచ్చటి జనులకు ఐరోపా సరకులపై మక్కువ లేదు. వారు అడిగినది హిందూదేశపు బట్ట. సుగంధద్రవ్యములకై బయలుదేరినవారు మొదట బట్టలు కొనవలసి వచ్చెను. కోరమండలతీరము ఆ ద్వీపములకు ఎడమచేయి వంటిదని, ఆ బట్టలు లేనిచో అచ్చటి వర్తకము చచ్చినట్లే యని హెండ్రిక్ బ్రౌవర్ అను డచ్చి ఉద్యోగి 1612లో వ్రాసెను. అయితే ఏ బట్టయైనను అచ్చట చెల్లదు. బట్ట కొనలయందు కోరలవలె వరుసదీరిన త్రికోణములుండవలె ననువారు కొందరు. తమ తాతల నాటి నమూనా తప్ప కొత్తది అంటమనువారు కొందరు. సులవేసి ద్వీపమందలి తొరాజా జనులు మన దేశపు బట్టలను తరతరములుగా దాచుకొని, పవిత్రవస్తువులుగా నెంచి, కర్మకాండల యందు వెలికి తీయుచు వచ్చిరి. సయాము రాజాస్థానమో, తన దేశపు నమూనాలనే కోరమండలమునకు పంపి, వాని ప్రకారము వ్రాయించుకొనెడిది.

ఆంగ్లేయుల సంగతి మరింత విశదముగ తెలియుచున్నది. లండనులోని ఈస్టిండియా కంపెనీ పెద్దలు 1643లో సూరత్తులోని తమ కొఠీవారికి ఒక జాబు పంపిరి. మన దేశము నుండి వచ్చు దుప్పట్లలో పెక్కింటికి అడుగురంగు ముదురెఱుపు. అది కొనువారందరికి నచ్చుట లేదు. కనుక ఇకముందు తెల్లని అడుగు హెచ్చుగ నుంచి, నడుమ పువ్వులను కొమ్మలను చిత్రకారుని ఇష్టానుసారము రంగులతో వేయింపుడని ఆ జాబులోని సారాంశము. ఇది చిన్నమాట వలె తోచును. కాని ఎఱుపే మన పనివాని గర్వము. చిరివేరే అతని సొత్తు. పైగా, పైన చెప్పినట్లు, ఎఱుపులో ఉడికిన బట్టను మరల పాలవలె తెల్లబరచుట దినముల తరబడి పట్టు పని. అయినను వారు తెల్లని అడుగునకు మారిరి. తరువాతి కాలమున ఐరోపావారు మక్కువతో కొనిన పరుపుదుప్పట్లు ఈ తెల్లని అడుగువే. రాతిగుట్టపై మొలచిన ఒక చెట్టు, వంకరలు తిరిగిన కొమ్మలు, కొమ్మ కొమ్మకు ఒక్కొక్క జాతి పువ్వు – లోకమున ఎక్కడను లేని ఆ వృక్షము లండను పడకగదులను అలంకరించెను. శామ్యూల్ పెపిస్ అను ఆంగ్లేయుడు తన భార్య గదికి గోడల చుట్టు కట్టుటకు ఇట్టి బట్టను 1663లో కొన్నట్లు తన దినచర్యలో వ్రాసికొనెను.

కంపెనీ పెద్దలు జాబులతో తృప్తిపడలేదు; నమూనాలను కూడ ఓడలపై పంపసాగిరి. డచ్చివారును అట్లే చేసిరి. కోరమండలతీరమున పనిచేసిన డానియల్ హావర్ట్ అను డచ్చివాడు 1693లో ప్రకటించిన గ్రంథమున, పాలకొల్లు అద్దకమువారిని గూర్చి వ్రాసెను. వారి పని నత్తనడక వంటిదట. ఓర్పును చిత్రింపదలచినవానికి పాలకొల్లు చిత్రకారుని మించిన రూపము దొరకదట. ఇంతవరకు అది మెప్పే. కాని వీరు ఇచ్చిన నమూనాను అచ్చముగ దింపగలరే కాని, మందబుద్ధులగుటచే తమంతట తాము ఏమియు కల్పింపలేరని కూడ అతడు వ్రాసెను. ఈ మాట ఒప్పదగినది కాదు. నమూనాలో సరిగ చూడని పరదేశపు పువ్వును తన కలముతో బ్రదికించి, చైనా వెదురును, పారశీకపు తీగెను, తన యూరి ఆకును ఒకే చెట్టున అతికిన బుద్ధి మందబుద్ధి యెట్లగును? పాలకొల్లు చిత్రకారునికి లేనిది కల్పనాశక్తి కాదు. అతనికి లేనిది కొనువారి ముఖము. లండను ఇల్లాలు దేనిని మెచ్చినదో, దేనిని త్రోసిపుచ్చినదో అతనికి తెలియదు. అది కంపెనీవారికి తెలియును. వారు దళారికి చెప్పుదురు. దళారి బయానా ఇచ్చి నమూనా పనివాని ముందు పడవేయును. గిరాకి పెరిగినను తరిగినను అతనికి తెలియునది ఒక్కటే: ఈ యేడు బయానా వచ్చెనా, రాలేదా.

గిరాకి పెరుగుట కూడ చేటు తెచ్చెను. మన బట్టల తాకిడికి అచ్చటి నేతగాండ్రు తాళలేకపోయిరి. ఫ్రాన్సు ప్రభుత్వము 1686లో అద్దకపు బట్టలను నిషేధించి 1759 వరకు ఆ నిషేధమును సడలింపలేదు. ఇంగ్లండులో 1700లో దిగుమతిని అరికట్టు చట్టము వచ్చెను. 1719లో లండను నేతగాండ్రు వీధులలో చీటీబట్టలు ధరించిన స్త్రీల వెంటబడి వారి దుస్తులను చించిరి. తరువాత కొన్నేండ్లకే వానిని ధరించుటయే నేరమైనది. నిషేధించినంత మాత్రమున కోరిక చావదు గదా! ఆ కోరికను తామే తీర్చవలెనని ఐరోపావారు అద్దకపు మర్మములను వెదకిరి. పుదుచ్చేరిలోని కూర్దూ అను ఫ్రెంచి మతబోధకుడు – ఇతడు తెలుగు నేర్చి నిఘంటువు కూర్చిన పండితుడు – 1742లో ఈ పని విధానమంతయు జాబుగ వ్రాసి స్వదేశమునకు పంపెను. 1760లో ఓబర్‌కాంఫ్ అనునతడు ఫ్రాన్సులోని జూయి గ్రామమున పేరుపొందిన అద్దకపు కర్మాగారమును స్థాపించెను. విద్యను పుస్తకములలో నేర్చికొనవచ్చును. ఏది అమ్ముడుపోవునో వారు ముందే నూరేండ్లుగా విని యుండిరి.

ఇందులకు శిఖరము వంటి ఘట్టము 1866లో జరిగెను. లండనులోని ఇండియా ఆఫీసున పనిచేసిన ఫోర్బ్స్ వాట్సన్ అను వైద్యుడు, మన దేశపు బట్టలను సేకరించి, ముక్కలుగ కత్తిరించి, 700 నమూనాలను 18 సంపుటములలో అంటించెను. ఇట్టి ప్రతులు 20 సిద్ధము చేసి, 13 బ్రిటనుకును 7 హిందూదేశమునకును ఇచ్చిరి. ప్రతి ముక్క ప్రక్కను ఆ బట్ట పొడవు, వెడల్పు, బరువు, నేసిన ఊరు మున్నగు వివరములు కలవు. హిందువులు చీరను, ధోవతిని, తలపాగను కత్తిరింపక, కుట్టింపక, మగ్గము నుండి వచ్చినట్లే ధరింతురు. కనుక పొడవు తప్పినను, అంచు తప్పినను, కొంగు ఉండవలసిన చోట లేకున్నను ఎంత చక్కని బట్టయైనను వారికి పనికిరాదు – ఇది వాట్సన్ ఆంగ్ల మిల్లువారికి బోధించిన పాఠము. తెలుగు ఇల్లాలి కొంగు ఎచ్చట వ్రేలునో మాంచెస్టరు మిల్లుదారుడు బల్లయొద్ద కూర్చుండి తెలిసికొనెను! మన పనివారిని దెబ్బతీసినది ఇది యొక్కటే యనుట సరికాదు. ఆవిరియంత్రము, సుంకముల పక్షపాతము, రాజ్యాధికారము అన్నియు ఎదిరిపక్షముననే యుండెను. కాని యంత్రమునకు ఏమి నేయవలెనో చెప్పినది ఆ 18 సంపుటముల వంటి వినికిడియే.

ఇదే తీరమున చీరాలలో మరియొక బట్ట పుట్టెను. నూలును ఆముదములోను బూడిదనీటిలోను పలుమారులు నానవైచి, చిక్కముడులు కట్టి, ఎఱుపు నలుపు రంగులు వేసి నేసిన చదరపు రుమాలు అది. నూనెవాసన గలది కనుక తేలియా రుమాలందురు. ఎడారిలో తలకు చుట్టుకొనుటకు మెత్తగ, చల్లగ నుండునని అరబ్బు దేశములవారు దానిని కొనెడివారు. ఈ నేత చీరాల నుండి తెలంగాణమునకు ప్రాకి, పోచంపల్లి, పుట్టపాక మొదలగు గ్రామముల సాలెవారికి జీవనాధారమయ్యెను. కాలక్రమమున విదేశపు గిరాకి సన్నగిల్లెను. రుమాలు కొనువారు లేరు. చేతిలో విద్య యున్నది.

ఆ సమయమున, 1960 తరువాతి యేండ్లలో, అఖిలభారత హస్తకళామండలి ప్రోత్సాహముతో పోచంపల్లివారు చీరల వైపు తిరిగిరి. ఇద్దరు యువకులు కాశికి వెళ్లి పట్టుచీరల నేత నేర్చి వచ్చిరి. అది సులభమైన మార్పు కాదు. రుమాలునకు నాలుగు వైపులును ఒక్కటే. చీరకు అంచు కావలెను, కొంగు కావలెను, ఆ రెంటి నడుమ బుటా తన చోట తాను పడవలెను. నూలును ముందే లెక్కగట్టి ముడివేసి రంగు వేయుదురు కనుక, లెక్కలో వేలెడు తప్పినను చీరయంతయు చెడును. సాలెవారు మగ్గములను సవరించిరి, పట్టునకు తగిన రంగులు నేర్చిరి. వారికి పాలకొల్లు చిత్రకారునికి లేని సౌకర్య మొకటి యుండెను: హైదరాబాదు కూతవేటు దూరము. చీర కొన్న ఇల్లాండ్రు ఏ రంగు ముందు అడుగుచున్నారో, ఏది అంగడి అలమరలో మిగిలిపోవుచున్నదో బస్సెక్కి పోయి సాలెవారే చూచి రాగలిగిరి.

పుట్టపాకలో నేటికిని కొందరు ఆముదపు నూలుతో రుమాలు నేయుచున్నారు. పుట్టపాక తేలియా రుమాలునకు 2020లో భౌగోళిక గుర్తింపు లభించినది. తలకు చుట్టుకొనుటకు దానిని కొనువారు నేడు అరుదు. ఆ ఎఱుపు, నలుపు, తెలుపు గళ్లే ఇప్పుడు చీరలపైకిని, ఆడపిల్లల దుప్పట్టాలపైకిని ఎక్కినవి.