కరెంటు పోయినా చెరగని రాత

పెన్‌పహాడ్‌లో కరెంటు పోయి, గంట తరువాత తిరిగి వచ్చిందనుకోండి. గోడమీది ఎలక్ట్రానిక్ మీటరు సున్నా నుంచి లెక్క మొదలుపెట్టదు. అంతకుముందు ఎన్ని యూనిట్లు చూపిందో అక్కడి నుంచే కొనసాగిస్తుంది. ఎందుకని?

మీటరు లోపల ఒక చిన్న కంప్యూటరు ఉంది. ఉంగరంలో రాయిని పొదిగినట్లు యంత్రంలో పొదిగిన ఇటువంటి దానిని 'ఎంబెడెడ్' కంప్యూటరు అంటారు. దానికి జ్ఞాపకాలు రెండు రకాలు. కరెంటు ఉన్నంతసేపే నిలిచేది ర్యామ్. కరెంటు లేకపోయినా చెరగనిది శాశ్వత నిల్వ.

మీటరు చేసే పని ఒక్కటే. కారులోనో విమానంలోనో ఉండే కంప్యూటరుకు పనులు అనేకం. అక్కడ ఆ నిల్వ ఎవరి చేతిలో ఉండాలి?

ఒక యంత్రంలో అనేక యంత్రాలు

ఒకే కంప్యూటరులో చాలా కంప్యూటర్లు ఉన్నట్లు భ్రమ కల్పించవచ్చు. వీటినే వర్చువల్ మెషీన్లు అంటారు. 1972లో ఐ.బి.ఎం. సంస్థ ప్రకటించిన వి.ఎం./370 ఇటువంటిదే. అందులో పెద్ద డిస్కును భాగాలు చేసి, ఒక్కొక్క మెషీనుకు 'మినీడిస్కు'లుగా పంచేవారు.

కంప్యూటరును అదుపులో ఉంచే మూల ప్రోగ్రామును కెర్నెల్ అంటారు. ఆ మాటకు గింజలోని పప్పు అని అర్థం. లైనక్స్ కెర్నెల్‌లో కోట్ల వరుసలున్నాయి. అంత పెద్దదానిలో తప్పులు దాగి ఉండడం సహజం. అందుకే అత్యవసరమైన పనులు మాత్రమే ఉంచి, మిగిలినవాటిని బయటికి పంపి, శాస్త్రజ్ఞులు మైక్రోకెర్నెల్‌ను తయారుచేశారు. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో రూపొందిన ఎస్.ఇ.ఎల్.4లో అప్పట్లో సుమారు 8,700 వరుసలే. అది అనుకున్నట్లే పనిచేస్తుందని 2009లో గణితం ద్వారా నిరూపించారు.

చిక్కు ఇక్కడే వచ్చింది. ఇంత చిన్న కెర్నెల్‌కు డిస్కు అంటే ఏమిటో తెలియదు! మరి దానిమీద నడిచే వర్చువల్ మెషీను తన లెక్కలను ఎక్కడ దాచుకోవాలి?

గోదాము గుమాస్తా

సూర్యాపేటలో కొందరు రైతులు తమ ధాన్యం బస్తాలను ఒకే గోదాములో ఉంచారనుకుందాం. అందరూ లోపలికి వెళితే ఎవరి బస్తా ఎవరిదో తేలదు. కనుక లోపలికి వెళ్లేది గుమాస్తా ఒక్కడే. రైతు చీటీ ఇస్తాడు. గుమాస్తా పని ముగించి రసీదు ఇస్తాడు.

మన కంప్యూటరులోనూ ఇంతే. డిస్కును తాకే హక్కు ఒక చిన్న ప్రోగ్రాముకే ఉంటుంది. ఆ హక్కుకు మైక్రోకెర్నెల్ కాపలా. ర్యామ్‌లో ఇద్దరికీ కనిపించే చిన్న చోట వర్చువల్ మెషీను తన చీటీలను వరుసగా పెడుతుంది. ఆ చీటీలను ఎలా రాయాలో చెప్పే పద్ధతి ఒకటుంది. దానిపేరు 'వర్టియో'. ఆస్ట్రేలియాకు చెందిన రస్టీ రస్సెల్ 2008లో దానిని వివరిస్తూ వ్యాసం ప్రకటించాడు.

ఒక లెక్క చేద్దాం. 3,200 కోట్ల బైట్లు పట్టే కార్డును 512 బైట్ల గడులుగా విభజిస్తే 6.25 కోట్ల గడులు వస్తాయి. గడుల సంఖ్యలు సున్నాతో మొదలవుతాయి. మొదటి 2 కోట్ల గడులు ఒకటో మెషీనుకు, తరువాతి 2 కోట్లు రెండో మెషీనుకు ఇచ్చాం. రెండో మెషీను "నా 5వ సంఖ్య గడి" అని అడిగితే, గుమాస్తా 2 కోట్లు కలిపి 2,00,00,005 సంఖ్య గడిని తెరుస్తాడు. 1,99,99,999 కన్న పెద్ద సంఖ్య అడిగితే "కుదరదు" అంటాడు. పొరుగువాడి గడి జోలికి ఎవరూ పోలేరు.

రసీదు ఎప్పుడివ్వాలి?

చీటీ అందగానే గుమాస్తా రసీదు ఇచ్చేశాడనుకోండి. సమాచారం ఇంకా ర్యామ్‌లోనే ఉండగా కరెంటు పోతే? రాత మాయం! మెషీను మాత్రం అది భద్రంగా ఉందనే నమ్ముతుంది. అందుకే 'ఫ్లష్' అనే ప్రత్యేకమైన చీటీ ఉంది. "నేను ఇంతవరకు పంపి, పూర్తయిందనిపించుకున్నవన్నీ శాశ్వతంగా రాశాకే జవాబివ్వు" అని దాని అర్థం. తొందరపడి ఇచ్చిన రసీదు అబద్ధపు రసీదే.

ఈ గోడలు ఎంత గట్టివి? అమెరికాలో 2012లో మొదలైన హాక్‌మ్స్ పరిశోధనలో, పైలట్ లేకుండా ఎగరగల 'లిటిల్ బర్డ్' హెలికాప్టరులో ఎస్.ఇ.ఎల్.4ను వాడారు. కెమెరా పనిని ఒక వర్చువల్ మెషీనుకు అప్పగించారు. ఆ మెషీనుమీద పూర్తి అధికారాన్ని దాడి చేసే నిపుణుల చేతికే ఇచ్చారు. అయినా వారు దాని గోడ దాటి బయటికి రాలేకపోయారు.

ఇప్పుడు మీ వంతు. 4 కోట్ల సంఖ్య గడి నుంచి 1.5 కోట్ల గడులను మూడో మెషీనుకు ఇచ్చాం. అది "నా 10వ సంఖ్య గడి" అంటే గుమాస్తా ఏ గడిని తెరుస్తాడు? అది అడగదగిన అతి పెద్ద సంఖ్య ఎంత? కాగితం తీసుకుని కట్టి చూడండి.