పంటపనులలో కంటి సంరక్షణము

ఖమ్మం పట్టణమును ఆనుకొనియున్న ఖానాపురం హవేలి మొదలు భద్రాచలపు అడవుల అంచువరకు వరి, ప్రత్తి, మిరప ముఖ్యమైన పంటలు. ఈ పంటల పనులన్నిటియందును కంటికి అపాయము కలదు. ఎద్దు కుంటిన నాడే రైతు దానికి వైద్యము చేయించును. తన కంటిలో నలుసు పడినపుడు మాత్రము "రేపటికి తగ్గునులే" యని యూరకుండును. ఈ జాగువలన చూపు పోగొట్టుకొన్నవారు కలరు.

దెబ్బ ముదురు విధము

నల్లగ్రుడ్డుపై అద్దమువంటి పొర యొకటి కలదు. దాని మందము సుమారు అర మిల్లీమీటరు మాత్రమే. కోతయందును నూర్పిడియందును వరియాకు అంచుగాని, వడ్ల ముల్లుగాని, పొట్టుగాని తగిలినచో ఆ పొర గీరుకొనిపోవును. ఆకులమీదను మట్టిలోను ఉండు బూజు ఆ గాయముద్వారా లోపలికి చేరి పుండు కలిగించును. మొదట కన్ను ఎఱ్ఱబడి నీరు కారును. వెలుతురు చూడ శక్యము కాదు. పిమ్మట తెల్లని మచ్చ కనబడును. పుండు మానినను ఆ మచ్చ పువ్వుగా నిలిచి చూపును కప్పివేయవచ్చును.

సకాలమున చేసిన వైద్యము మిక్కిలి సులభము. నేపాళదేశమున భక్తపూరు ప్రాంతమునందు జరిపి 2001లో ప్రకటించిన పరిశీలనయందు, కంటిపొర గీరుకొనిన పిమ్మట 18 గంటలలోపల లేపనము వేయించుకొన్నవారిలో ఒక్కరికిని పుండు పడలేదు.

చేయకూడనివి

కంటిని నలుపరాదు. నాలుకతోగాని గుడ్డకొనతోగాని నలుసు తీయింపరాదు. ఆకుపసరు, చనుబాలు, ఆముదము కంటిలో పోయరాదు. వైద్యుని అడుగక దుకాణమునుండి చుక్కలమందు తెచ్చి వేయరాదు. స్టీరాయిడ్ కలసిన మందు ఎఱుపును తగ్గించి మేలు చేసినట్లే తోచును గాని, లోపల బూజును పెంచును.

చేయవలసినవి

1. నలుసు పడినచో శుభ్రమైన నీటితో కడుగవలెను. నొప్పిగాని ఎఱుపుగాని నిలిచియున్నచో ఆనాడే కంటివైద్యునియొద్దకు పోవలెను.

2. పురుగుమందుగాని సున్నముగాని పడినచో వెంటనే 15 నిమిషములకు తక్కువ కాకుండ నీటిధారతో కడిగి, మందుడబ్బాతో కూడ దవాఖానకు పోవలెను.

3. మిరప కోసిన చేతులను సబ్బుతో కడుగక కన్ను ముట్టరాదు.

4. నూర్పిడివేళను, మందు కొట్టువేళను ప్రక్కలు మూసియున్న కంటి అద్దములు ధరింపవలెను. గాలికి ఎదురుగ నిలువరాదు.

వయసుతో వచ్చు లోపములు

నలువది యేండ్లు దాటినవారికి దగ్గరి చూపు తగ్గుట సహజము. మందుడబ్బాపై అక్షరములు కనబడనివాడు మోతాదు తప్పును; పంటయు చెడును. దీనికి తగిన అద్దములు చాలును. వృద్ధులకు వచ్చు శుక్లము శస్త్రచికిత్సవలన తొలగును. 1996 మొదలు 2000 వరకు ఆంధ్రప్రదేశమున పదివేలకు పైబడిన జనులను పరీక్షింపగా, అంధత్వమునకు శుక్లమును, అద్దములతో సరిపడు దృష్టిలోపమును ముఖ్యకారణములని తేలినది. తెలంగాణ ప్రభుత్వమువారి కంటివెలుగు కార్యక్రమముయొక్క రెండవ విడత 2023 జనవరి 18వ తేదీన ఖమ్మముననే ఆరంభమైనది. అందు పరీక్షలును అద్దములును ఉచితముగా నొసగబడినవి.

పట్టాదారుల బాధ్యత

కూలివాడు ఆనాటి కూలి పోవునను భయమున కంటినొప్పిని దాచును. కావున పట్టాదారు తానే కనుగొని, కూలి నిచ్చి, అతనిని వైద్యునియొద్దకు పంపవలెను. ఒకనాటి కూలి మఱియొకనాడు సంపాదింపవచ్చును. పోయిన చూపు మరల వచ్చుట దుర్లభము.