సెల్‌ఫోను బ్యాటరీకి వేడి తగులనీయరాదు

జంగారెడ్డిగూడెం మెట్టలో వర్జీనియా పొగాకు పండించు రైతులు బ్యారను కాపలాకు రాత్రులు మేల్కొనవలసి యుండును. ఆకు ఈనె ఎండు దశలో బ్యారను లోపల వేడి సుమారు 70 డిగ్రీల సెంటిగ్రేడు ఉండును. ఆ గోడ ప్రక్కనో, పొయ్యి దాపుననో సెల్‌ఫోను పెట్టి ఛార్జి చేయు వారున్నారు. బ్యాటరీకి ఇంతకంటె కీడు లేదు.

నేటి ఫోనులలో నుండునది లిథియం అయాన్ బ్యాటరీ. ఇది 1991లో జపానులో మొదట అమ్మకమునకు వచ్చినది. వేడి హెచ్చిన కొలది ఇందలి రసాయనములు త్వరగా క్షీణించి, కరెంటును నిలుపుకొను శక్తి తగ్గును. పోయిన శక్తి మరల రాదు. ఛార్జి చేయుచోట వేడి 35 డిగ్రీలు దాటకుండుట మంచిది. మన వేసవి పగళ్లు 40 దాటును గనుక తెల్లవారుజామున ఛార్జి చేసికొనవలెను. ట్రాక్టరు బానెట్టుపై ఫోను ఉంచరాదు. కాగినదని ఫ్రిజ్జులోను పెట్టరాదు, చెమ్మ చేరును.

పూర్తిగా అయిపోయిన పిదపనే ఛార్జి చేయవలెననుట పాత రకపు బ్యాటరీల నాటి మాట. 20, 80 శాతముల నడుమ నుంచిన చాలును. కరెంటు కోత యున్న రోజున నూరు శాతము నింపుకొనుట తప్పు కాదు.

సిగ్నలు అందని పొలములో ఫోను టవరును వెదకుచు బ్యాటరీని తినివేయును. అచ్చట ఫ్లైట్ మోడులో నుంచవచ్చును, కాని మోటారు స్టార్టరు నుండి కబురు రావలసిన వారికి ఇది పనికిరాదు. వారు తెర వెలుతురు తగ్గించుకొనవలెను.

ఫోను వీపు ఉబ్బినచో ఛార్జి మానవలెను. బ్యాటరీని నొక్కినను, గుచ్చినను నిప్పంటుకొనును. వెంటనే మరమ్మతు తెలిసినవారిచే మార్పించవలెను.