ప్రమాదం తప్పింది, మరి పమాదం తప్పిందా?
(గుండె జబ్బు నుండి కోలుకుంటున్న ఉపాసక ఉపాసికలకు ఒక పాఠం)

ఛాతీలో నొప్పి వచ్చింది. ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఈసీజీ తీశారు, రక్తం పరీక్షించారు, యాంజియోగ్రామ్ చేశారు. ఒక రక్తనాళం సన్నబడిందని స్టెంట్ వేశారు, లేదా మాత్రలతో సరిపోతుందని చెప్పి పంపించారు. ఇంటికి వచ్చాక ఎవరు పలకరించినా మనం చెప్పే మాట ఒక్కటే: "మైల్డ్‌గా వచ్చింది, ప్రమాదం తప్పింది." ఈ పాఠం అలా ఇంటికి చేరిన వాళ్ల కోసం, వాళ్లను చూసుకుంటున్న ఇంటివాళ్ల కోసం.

తెలుగులో ప్రమాదం అంటే ఆపద. పాళీ భాషలో పమాదం అంటే ఏమరుపాటు, అజాగ్రత్త. దానికి ఎదురు మాట అప్పమాదం, అంటే ఎప్పుడూ మెలకువతో ఉండటం. కుసినారాలో పరినిబ్బానానికి ముందు తథాగతుడు భిక్షువులకు చేసిన చివరి బోధ ఈ అప్పమాదం గురించే. డాక్టర్లు మీ ప్రమాదాన్ని తప్పించారు. పమాదాన్ని మాత్రం ఏ డాక్టరూ తప్పించలేడు. ఆ పని మీదే.

రెండు అంచులు

కోలుకునే రోజుల్లో మనుషులు రెండు రకాలుగా దారి తప్పుతారు.

ఒకాయన పది రోజులు బాగానే ఉంటాడు. నొప్పి లేదు కదా అని మాత్రలు తగ్గిస్తాడు. "మైల్డే కదా" అని బీడీ ముట్టిస్తాడు. నెల తిరగక ముందే బస్తాలు మోస్తాడు.

ఇంకొకాయన భయంతో మంచం దిగడు. నాలుగు మెట్లు ఎక్కడు. రాత్రంతా చెయ్యి నాడి మీదే ఉంటుంది. చిన్న గ్యాస్ నొప్పికే ప్రాణం పోయినట్టు అవుతుంది. బలం రావలసిన ఒళ్లు పడుకుని పడుకుని ఇంకా నీరసిస్తుంది.

ఒకరిది నిర్లక్ష్యం, ఇంకొకరిది భయం. ఈ రెండు అంచుల మధ్య ఉన్న దారే మజ్ఝిమ మార్గం. జబ్బు నుండి కోలుకునేటప్పుడు ఆ మార్గంలో నడవడం అంటే అప్పమాదంతో రోజు గడపడం.

ఇది శాపం కాదు, శని కాదు

చూడటానికి వచ్చే వాళ్లు ఊరికే చూసి పోరు. "బుద్ధుడి దారి పట్టి అమ్మోరిని వదిలేశారు, అందుకే ఇట్లయింది" అంటుంది ఒక పెద్దమ్మ. "ఏలినాటి శని నడుస్తోంది, శాంతి చేయించండి" అంటాడు పక్కింటాయన. "ఏ జన్మలో చేసుకున్న పాపమో" అని మరొకరు నిట్టూరుస్తారు. భయంలో ఉన్న మనసుకు ఇలాంటి మాటలు తొందరగా ఎక్కుతాయి. ఏళ్ల తరబడి దీక్ష నిలుపుకున్న ఇంట్లో కూడా సరిగ్గా అప్పుడే తాయెత్తు ప్రత్యక్షమవుతుంది.

సీవకుడనే పరివ్రాజకుడు బుద్ధుడిని ఈ సంగతే అడిగాడు. మనిషి అనుభవించే ప్రతి సుఖం, ప్రతి దుఃఖం పూర్వకర్మ వల్లనే అని కొందరు అంటున్నారు, మీరేమంటారు అని. బుద్ధుడు ఆ మాట ఒప్పుకోలేదు. పిత్తం, శ్లేష్మం, వాతం, ఋతువుల మార్పు, శరీరాన్ని సరిగా చూసుకోకపోవడం, దెబ్బ తగలడం వంటి కారణాలను వరసగా చెప్పాడు. కర్మను ఎనిమిదింటిలో చివరి ఒక్కటిగా లెక్కించి, అన్నిటికీ అదే మూలం అనడం తప్పని తేల్చాడు. బాబాసాహెబ్ 'బుద్ధుడు, ఆయన ధమ్మం' గ్రంథంలో ఇంకా ముందుకు వెళ్లారు. పేదవాడి కష్టానికి పోయిన జన్మే కారణమంటే, సమాజం, ప్రభుత్వం తమ బాధ్యత నుండి తప్పించుకుంటాయని నిలదీశారు.

మీ గుండె జబ్బుకు కూడా కారణాలు ఉన్నాయి. బీడీ, సిగరెట్, ఖైనీ, బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, వంశంలో జబ్బు ఉండటం, నిద్ర లేని నైట్ డ్యూటీలు, ఎడతెగని ఒత్తిడి. వీటిలో కొన్ని మన చేతిలో లేవు. చాలావరకు ఉన్నాయి. శాంతి పూజకు పెట్టే డబ్బుతో ఎన్నో నెలల మాత్రలు వస్తాయి. పెద్దమ్మతో గొడవ పడకండి. "అమ్మా, డాక్టర్ కారణం చెప్పాడు, దానికి మందు ఇచ్చాడు" అని నెమ్మదిగా చెప్పండి, చాలు.

మంచి రోగికి ఐదు గుణాలు

ఎలాంటి రోగికి సేవ చేయడం సులువో బుద్ధుడు ఐదు గుణాలుగా చెప్పాడు. భిక్షువుల కోసం చెప్పినా, ఇవి మన ఇంటికి అచ్చంగా సరిపోతాయి.

1. మేలు చేసేది చేయడం

నడక వల్ల ఐదు లాభాలని బుద్ధుడు చెప్పాడు: ప్రయాణానికి ఓపిక, శ్రమకు ఓపిక, ఆరోగ్యం, తిన్నది అరగడం, నిలకడైన ఏకాగ్రత. ఇప్పుడు డాక్టర్లు చెప్పేదీ నడకే. మొదట ఇంట్లో, తర్వాత వీధి చివరి దాకా, ఆ తర్వాత రోజుకు అరగంట. ఎంత పెంచాలో మీ డాక్టర్‌ను అడగండి. నడుస్తూ పక్కవాళ్లతో మాట్లాడగలుగుతున్నారంటే వేగం సరిపోయినట్టు. మాట రానంత ఆయాసం వస్తే ఆగండి. తిన్న వెంటనే, మండే ఎండలో నడవకండి.

పంచశీలాల్లో ఐదోది మత్తుకు దూరంగా ఉండటం. 22 ప్రతిజ్ఞల్లో కూడా మద్యం తాగనన్న మాట ఉంది. ఇన్నాళ్లు ఆ శీలాన్ని అటూ ఇటూ చేసిన వాళ్లకు ఇదే మంచి సమయం. పొగాకును కూడా అందులోనే కలుపుకోండి. గుండె కోసం మీరు మానగలిగిన వాటిలో పొగాకు కంటే పెద్దది లేదు.

2. మేలు చేసేదాంట్లో కూడా కొలత తెలియడం

కోసల రాజు పసేనది బాగా తిని, రొప్పుతూ బుద్ధుడి దగ్గరికి వచ్చాడు. తినడంలో కొలత తెలిసినవాడికి బాధలు తగ్గుతాయని బుద్ధుడు చెప్పాడు. రాజు వెంటనే ఒక కుర్రవాడికి ఆ మాట నేర్పించి, రోజూ తాను భోజనం చేసేటప్పుడు వినిపించమన్నాడు. కుండెడు అన్నం తినే రాజు మెల్లమెల్లగా చిన్న కొలతకు దిగి, ఒళ్లు తేలికపడి సంతోషించాడు. చూడండి, ఒక్కరోజులో మానలేదు. గుర్తు చేయడానికి ఒక మనిషిని పెట్టుకుని మెల్లగా తగ్గించాడు. మీ ఇంట్లో ఆ కుర్రవాడి పని మీ మనవరాలికి అప్పగించండి.

ఉప్పు అన్నీ కలిపి రోజుకు 5 గ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే సుమారు ఒక టీ చెంచా. ఆవకాయ, అప్పడాలు, ఎండు చేపలు, మిక్చర్ పొట్లాలు, వీటిలో దాగి ఉన్న ఉప్పు కూడా ఆ లెక్కలోదే. మరిగిన నూనెనే మళ్లీ మళ్లీ కాచి వేసే బజ్జీలు, పునుగులు వదిలేయండి. అన్నం కాస్త తగ్గించి ఆకుకూర, పప్పు, కూరగాయలు పెంచండి.

3. మందు వేసుకోవడం

ఈ గుణం గురించి బాబాసాహెబ్ జీవితమే పాఠం. 'బుద్ధుడు, ఆయన ధమ్మం' రాసిన ఐదేళ్లలో ఆయన ఆరోగ్యం ఎన్నోసార్లు విషమించింది. 1956 మార్చి 15 తేదీతో రాసిన ముందుమాటలో ఆ సంగతి చెబుతూ, ఆరిపోతున్న తన దీపాన్ని మళ్లీ వెలిగించిన గొప్పతనం భార్య డాక్టర్ సవిత, డాక్టర్ మాల్వంకర్‌ల వైద్యానిదే అన్నారు. మొక్కుకు కాదు, గ్రహానికి కాదు, వైద్యానికి కృతజ్ఞత చెప్పారు. ఆ గ్రంథం పూర్తి చేశారు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో దీక్ష ఇచ్చారు. తథాగతుడు కూడా జీవకుడి చేతి మందు తీసుకున్నవాడే. మందు వేసుకోవడం ధమ్మానికి బయటి పని కాదు.

స్టెంట్ వేసిన వాళ్లకు రక్తం గడ్డకట్టకుండా మాత్రలు ఇస్తారు. బాగున్నాను కదా అని సొంతంగా ఆపేస్తే స్టెంట్‌లో రక్తం గడ్డకట్టి మళ్లీ మూసుకుపోవచ్చు. మాత్రలు అయిపోయే దాకా ఆగకండి, వారం ముందే తెచ్చుకోండి. పన్ను పీకించుకునే ముందు ఈ మాత్రలు వాడుతున్నట్టు ఆ డాక్టర్‌కు చెప్పండి. ఎక్కడైనా రక్తం కారినా, విరేచనం నల్లగా అయినా వెంటనే చూపించుకోండి. ఒళ్లు నొప్పులకు మెడికల్ షాపులోనో, ఆర్‌ఎంపీ దగ్గరో నొప్పి బిళ్లలు అడిగి వేసుకోకండి. డైక్లోఫెనాక్ లాంటివి గుండెకు కీడు చేస్తాయి. నాటు మందు మొదలుపెట్టే ముందు కూడా డాక్టర్‌ను అడగండి.

4. ఉన్నది ఉన్నట్టు చెప్పడం

పెరుగుతుంటే పెరుగుతోందని, తగ్గుతుంటే తగ్గుతోందని, మార్పు లేకపోతే లేదని సేవ చేసేవాళ్లకు చెప్పాలి. మన ఇళ్లలో ఎక్కువగా తప్పేది ఇక్కడే. కూలి పోతుందని మగవాళ్లు దాస్తారు. ఖర్చవుతుందని ఆడవాళ్లు దాస్తారు. ఆడవాళ్లకు ఛాతీ నొప్పికి బదులు ఆయాసం, వెన్ను నొప్పి, దవడ నొప్పి, వికారం, విపరీతమైన నీరసం రావచ్చు. షుగర్ ఉన్నవాళ్లకు నొప్పి సరిగా తెలియకపోవచ్చు.

ఛాతీ బరువెక్కినా, నొప్పి చేతికో దవడకో పాకినా, చెమటలు పట్టినా పని ఆపి కూర్చోండి. నాలుక కింద పెట్టుకునే మాత్ర డాక్టర్ ఇచ్చి ఉంటే పెట్టుకోండి. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి. తెల్లారే దాకా చూద్దాం అనుకోకండి, సొంతంగా బండి నడుపుకుంటూ పోకండి. పరీక్షకు వెళ్లినప్పుడు బీడీ మానలేదంటే మానలేదనే చెప్పండి. నాలుగో శీలం డాక్టర్ ముందు కూడా శీలమే.

5. ఓర్చుకోవడం

ఓర్చుకోవడం అంటే నొప్పిని దాచడం కాదు. నాలుగో గుణం ముందు, ఐదోది తర్వాత. చెప్పవలసింది చెప్పి, చేయవలసింది చేశాక ఇంకా మిగిలే బాధను మనసు చెదరకుండా భరించడం.

బుద్ధుడు రెండు బాణాల పోలిక చెప్పాడు. ఒంటికి వచ్చే నొప్పి మొదటి బాణం. "అయిపోయింది, నేను బతకను, నా పిల్లల గతేంటి" అని మనసు తనకు తానే గుచ్చుకునేది రెండో బాణం. మొదటి దానికి ఆసుపత్రి ఉంది. రెండో దానికి సాధన కావాలి. రోజూ పది నిమిషాలు కుర్చీలోనైనా సరే కూర్చుని, వచ్చే ఊపిరిని, పోయే ఊపిరిని గమనించండి. ఊపిరి బిగబట్టకండి. భయం వస్తే "భయం వచ్చింది" అని చూడండి. అది ఎలా వచ్చిందో అలాగే పోతుంది. గుండె జబ్బు తర్వాత దిగులు చాలామందికి వస్తుంది. వారాల తరబడి నిద్ర, ఆకలి లేకపోతే అది కూడా డాక్టర్‌కు చెప్పవలసిన లక్షణమే.

ఇంటివాళ్లకు, విహారానికి

నకులపిత అనే గృహస్థు పెద్ద జబ్బు పడ్డాడు. భార్య నకులమాత పక్కన కూర్చుని, బెంగతో చనిపోవద్దని ధైర్యం చెప్పింది. నేను నూలు వడకగలను, పిల్లల్ని సాకగలను, ఇల్లు నిలబెట్టగలను, ధమ్మాన్ని వదలను అంది. ఆయన కోలుకుని, కర్ర పట్టుకుని బుద్ధుడిని చూడటానికి వెళ్లాడు. అలాంటి భార్య దొరకడం నీ భాగ్యమని బుద్ధుడు మెచ్చుకున్నాడు. రోగి దగ్గర ఏడుస్తూ కూర్చోవడం కంటే, "ఇల్లు మేము చూసుకుంటాం" అనే ఒక్క మాట గొప్ప మందు. భార్య జబ్బు పడితే ఆ మాట అనవలసింది, వంట చేయవలసింది భర్త.

విరేచనాలతో తన మలమూత్రాల్లోనే పడి ఉన్న ఒక భిక్షువును ఎవరూ పట్టించుకోలేదు. బుద్ధుడే నీళ్లు పోశాడు, ఆనందుడు కడిగాడు. ఇద్దరూ కలిసి ఎత్తి మంచం మీద పడుకోబెట్టారు. రోగికి చేసే సేవ తనకు చేసే సేవేనని అప్పుడు భిక్షువులకు చెప్పాడు.

రోజు కూలి చేసే మనిషిని "విశ్రాంతి తీసుకో" అనడం సులువు. ఆ రోజుల్లో పొయ్యి ఎలా వెలగాలి? ఇక్కడే సంఘం పని మొదలవుతుంది. ఒకరు బియ్యం ఇవ్వండి. ఒకరు పరీక్షకు తోడు వెళ్లండి. ఒకరు ఆరోగ్యశ్రీ కాగితాలు చూడండి. పీహెచ్‌సీలోనో, బస్తీ దవాఖానాలోనో బీపీ, షుగర్ మాత్రలు ఉచితంగా దొరుకుతాయేమో ఒకరు కనుక్కోండి. చదవడం రాని వాళ్ల మాత్రల పొట్లాల మీద సూర్యుడి బొమ్మ, చంద్రుడి బొమ్మ వేసి ఉదయం, రాత్రి తేడా తెలిసేలా చేయండి. ఎప్పుడు పనికి వెళ్లవచ్చో, ఎంత బరువు ఎత్తవచ్చో డాక్టర్ చేత చెప్పించి, మేస్త్రీకి ఆ మాట చేరవేయండి. ఆదివారం వందనం అయ్యాక రాని వాళ్లెవరో చూసి వాళ్లింటికి వెళ్లండి.

ఈ వారం సాధన

ఉదయం త్రిశరణ పంచశీలాలు చెప్పుకున్న వెంటనే మాత్ర వేసుకోండి. అప్పుడు రెండూ మరిచిపోరు. సాయంత్రం నడవండి. రాత్రి పడుకునే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి: ఈరోజు మాత్ర తప్పిందా? ఏదైనా దాచానా? రెండో బాణం ఎన్నిసార్లు గుచ్చుకుంది? తప్పు కనబడితే కుమిలిపోకండి, రేపు సరిచేసుకోండి. వచ్చే ఆదివారం విహారంలో ఈ మూడింటి గురించి తోటివారితో మాట్లాడండి.

శరీరం జబ్బు పడినా మనసు జబ్బు పడకుండా చూసుకోమని నకులపితకు బుద్ధుడు చెప్పాడు. మనకూ అదే పాఠం.

నమో బుద్ధాయ! జై భీమ్!